వడియాల పక్కన ఎండిన వంగనారు మందు

ఒకే ఒక్క మధ్యాహ్నం కోట్లాది ప్రాణాలు తీశానండీ. పైగా ఆ పని చేస్తూ కూనిరాగం కూడా తీశాను. నవ్వండి, నవ్వుతారనే చెబుతున్నాను. నాకైతే సగం దాకానే నవ్వొస్తుంది.

అమ్మ పోయిన మరుసటి వేసవి. హిందీ మాట్లాడే ఈ ఊళ్లో, బాగ్‌బేరాలోని మా రైల్వే క్వార్టర్ పెరట్లో అమ్మ ఏటా వంగ వేసేది. పెళ్లై వస్తూ శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న విత్తనం, ఏటేటా తనే దాచేది. ఆ ఏడు నాన్న సగం చల్లారు. మొలిచిన నారంతా మొదళ్ల దగ్గర కుళ్లి ఒరిగిపోయింది.

"మీ అమ్మ దాసిన ఇత్తనం ఇంక ఈ గుప్పెడే ఉంది తల్లీ. ఇదీ పోతే ఏటి సేత్తాం?" అన్నారు. ఆ గుప్పెడూ నా ముందు పెట్టారు.

"హో జాయేగా నాన్నా, అయిపోద్ది! నాను సూసుకుంటాను కదా" అన్నాను, పెద్ద శాస్త్రవేత్తలా.

బిష్టుపూర్‌లో ఆఫీసు అయ్యాక విత్తనాల కొట్టుకెళ్లాను. కొట్టతను పొడి ప్యాకెట్టు ఇచ్చి హిందీలో చెప్పాడు: "దీదీ, ఇందులో మట్టిలో ఉండే మంచి బాక్టీరియా ఉంది. నారును కుళ్లబెట్టే బూజును పెరగనివ్వదు. మట్టిలో కలిపి విత్తనం వేయండి." ఇంకా ఏదో చెబుతున్నాడు గానీ ఆటో కదిలిపోతోంది. మొత్తం వినేంత ఓపికుంటే నేను నేనెందుకవుతాను!

ఇంటికొచ్చి విప్పితే పొడి చెమ్మగా ఉంది. అయ్యో, బూజు మందుకే బూజు పడితే? మా ఇంట్లో చెమ్మ తగిలిన ప్రతిదానికీ ఒకటే వైద్యం, డాబా మీద మే నెల ఎండ. వడియాల పక్కనే పాత చీర పరిచి, పొడి గాలికి లేచేంతగా ఎండబెట్టాను. తర్వాత మట్టిలో కలిపి ఆఖరి గుప్పెడూ చల్లేశాం.

నారు చక్కగా మొలిచింది. మొలిచి, చక్కగా పడుకుంది.

కొట్టు మీదికి యుద్ధానికి వెళ్లాను. "నకిలీ సరుకు అంటగట్టావు!"

"ఎక్కడ పెట్టారు దీదీ?"

"ఎక్కడేమిటి, శుభ్రంగా ఎండలో ఆరబెట్టాను."

అతను తల పట్టుకున్నాడు. "అవి బతికున్న ప్రాణాలు దీదీ! నీడలో ఉంచమని ఆటో వెనక అరిచి మరీ చెప్పానే!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ముందు మందునే చంపేశాను.

నాన్నకు చెప్పక తప్పలేదు.

"ఎండలో ఎట్టీసినావా?"

"ఊఁ."

"వడియాల పక్కనా?"

"ఊఁ."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని వంగి చూస్తే, నవ్వుతున్నారు! అమ్మ పోయాక మొదటిసారి. "మీ అమ్మున్నా ఎండెట్టీసీదే తల్లీ! అచ్చం అదే బుద్ధి!" ఆ నవ్వు నవ్వుతూనే ఏడుపైపోయింది. నాదీ అంతే. విత్తనం మాత్రం ఒక్కటి కూడా మిగల్లేదు.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ప్రాణమున్న దేన్నీ ఇక ఎండలో ఉంచను. ఎంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, ఏమీ లేని ఆ మడికి మిట్టమధ్యాహ్నం నీళ్లు పోస్తూ నిలబడే మా నాన్నను, రోజూ చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకొస్తున్నాను.