తప్పు లెన్సుది కాదు

పదేళ్ల కిందట పత్తికొండలో మా మరదలి పెళ్లికి ఫొటోలు నేనే తీస్తానన్నాను. స్టూడియో నడిపే మిత్రుడు బాషా తన లెన్సులు రెండూ ముందుపెట్టి, "జూమ్ ఎత్తుకపో అన్నా. ప్రైమ్ అయితే జూమ్ కాదు, ముందుకీ వెనక్కీ నువ్వే నడవాల" అన్నాడు.

"ప్రైమ్‌తో తీస్తే ఆ కళే వేరప్పా!" అని అదే తీసుకున్నాను.

తాళి కట్టే వేళ వధూవరులిద్దరూ ఫ్రేములో పట్టలేదు. వెనక్కి జరిగి జరిగి వేదిక మీంచి పెళ్లికొడుకు మేనమామ ఒళ్లో పడ్డాను. తాళి ఫొటో లేదు.

"బాషా ఇచ్చిన లెన్సు చెడిపోయింది" అని బొంకాను. అత్తగారింటివాళ్లు మళ్లీ ఏ శుభకార్యానికీ అతణ్ణి పిలవలేదు.

మొన్న వాళ్లందరికీ నిజం చెప్పి, బాషాను క్షమాపణ అడిగాను.

"ఆ చెడిపోయిన లెన్సుతోనే ఇంగా పెండ్లిళ్లు తీస్తాండా లేన్నా!" అని నవ్వాడు.

తిట్టి ఉంటే ఇంత సిగ్గేసేది కాదు.