గంగత్త చేతి తూకం

గంగత్తకు ఉన్నది ఒక్కటే జబ్బు. కంటికి కనబడినదాన్ని ఎత్తి, దాని బరువు చెప్పేదాకా ఆవిడకు ఊపిరాడదు. మనం నమస్కారం పెడితే ఆవిడ మనల్ని నడుం దగ్గర పట్టుకుని, జానెడు పైకి లేపి, దింపి, "యాబై రెండున్నర. బాగున్నావా?" అనేది. మంచీ చెడూ ఆ తర్వాతే.

అరకు సంతకు చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చే ఆడవాళ్లలో గంగత్త ఒకతె. యాభై ఏళ్లు ఉంటాయి. మనిషి పొట్టి. సంతకు వచ్చేవాళ్లు గుమ్మడికాయలూ మేకపిల్లలూ ఎత్తి చూడడం మామూలే గానీ, గంగత్త అక్కడితో ఆగేది కాదు. బస్సెక్కితే కండక్టరు భుజాన ఉన్న తోలుసంచి ఎత్తి, "ఈయాల జనం తక్కువే" అనేది. చర్చికి వెళ్తే పాస్టరుగారి చేతిలోంచి బైబిలు తీసుకుని, "ముప్పావు కిలో" అని తిరిగి ఇచ్చేసింది. ఆయన ఆ రోజు ఏ వాక్యం చదవబోయారో మర్చిపోయారు. ఒక పెళ్లిలో అయితే అక్షింతలు వేయడానికి వెళ్లి వధూవరులిద్దరినీ ఎత్తింది.

"గుంట నలబై ఏడు. గుంటడు నలబై నాలుగు. ఈ ఇంట్లో మాటెవులిదో ఇంక నాను సెప్పక్కర్లేదు" అంది. ఆ కాపురం అచ్చం అలాగే జరిగిందని వాళ్ల వీధివాళ్లే చెప్పారు.

నవ్వులాటకి చెప్తున్నాను గానీ, ఆ చెయ్యి తప్పు చెప్పగా విన్నవాళ్లు లేరు. ఏఎన్ఎం నర్సు బేబిగారి తూకం బుట్ట స్ప్రింగు సాగిపోయి పాడైతే, రెండేళ్లపాటు గూడెంలో పుట్టిన పిల్లలందరి బరువులూ గంగత్త చెబితే ఆవిడ రిజిస్టరులో రాసుకుంది. చివరికి కొత్త బుట్ట వచ్చింది. బేబిగారు అనుమానం కొద్దీ పదిమంది పిల్లల్ని గంగత్త చేత ఎత్తించి, మళ్లీ బుట్టలో తూచింది. తొమ్మిదిమందికి సరిపోయింది. పదోవాడికి కాస్త తగ్గింది. వాడు ఈలోగా గంగత్త చీర తడిపేశాడు.

ఈ విద్య ఎలా వచ్చిందని నేను అడిగాను ఒకసారి.

"మా అయ్య సింతపండు మోసుకొచ్చేటోడు. ఇంటికాడ నానే బుట్టకెత్తేదాన్ని. ముప్పై కిలోలు. సంతకాడికొచ్చీసరికి షావుకారు కాటా ఇరవై రెండనేది. మరి దారంతా మా అయ్య మెడమీద ఆ ఎనిమిది కిలోలూ ఎవులెక్కి కూకున్నారు?" అంది.

అందుకని శుక్రవారం సంతలో ఏ మూటా ముందు షావుకారు కాటా దగ్గరికి వెళ్లేది కాదు. గంగత్త దగ్గరికి వచ్చేది. ఆవిడ ఎత్తి, సంతంతా వినబడేలా, "ముప్పై ఒకటీ ముప్పావు!" అని అరిచేది. ఆ తర్వాత ఆ కాటాకి అబద్ధం చెప్పే ధైర్యం ఉండేది కాదు. పళ్లెంలో వేలు పెట్టి నొక్కే షావుకార్లు ఆవిడని చూస్తే చేతులు జేబుల్లో పెట్టుకునేవారు. ఒక మనిషి ఒట్టి చేత్తో ఒక సంతని నిజాయితీలో పెట్టడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అలాంటి చేతికి నేను చిక్కాను.

మా నాన్న వరహాలరావు ఎస్.కోట నుంచి వచ్చి సంత పక్కనే షాపు పెట్టాడు. తొంభై ఏడులో షాపులోకి ఎర్రటి ఫ్రిజ్జు వచ్చింది, దాని నిండా కూల్‌డ్రింకులు వచ్చాయి. సరుకు బాగుందో లేదో చూసే బాధ్యత నాది. మా అమ్మ మాధవి పొద్దున్నే పాలలో మూడు చెంచాల పంచదార వేసి, బలానికని పైన చాక్లెట్ పొడి వేసేది. తర్వాత జామ్ రాసిన బ్రెడ్డు. బడికి క్రీమ్ బిస్కెట్లు. సాయంత్రం కేకు. ఇవన్నీ అరగడానికి కూల్‌డ్రింకు. చిన్నప్పుడు అమ్మకి ఒంటిపూటే తిండి. కూతురు బొద్దుగా ఉంటే ఆవిడకి కడుపు నిండేది.

గంగత్త ప్రతి శుక్రవారం మా షాపు ముందు ఆగి నన్ను ఎత్తేది.

"ముప్పై అయిదు. పోయిన సంతకి ముప్పై నాలుగున్నర."

మా అమ్మ మురిసిపోయేది. వెంటనే దిష్టి తగులుతుందని భయపడి, గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వచ్చేది. గంగత్త ఆ గుప్పెడు కూడా ఎత్తి చూసేది.

"మాధవమ్మా, గుంటకి మేత ఎక్కువైపోనాది. మా మేకలైనా కొండంతా తిరిగి తింటాయి. ఈ పిల్ల కూకున్నకాడే తింటన్నాది."

"ఎదిగే పిల్ల గంగమ్మా. తిననీ."

"పైకెదగమను. పక్కకెదుగుతన్నాది."

ఒక శుక్రవారం గంగత్త మా ఫ్రిజ్జులోంచి పెద్ద బాటిల్ ఒకటి తీసుకుని, ఎత్తి చూసి, "నీళ్లకన్న బరువున్నాది. ఇందులో ఏటి కలిపినారు?" అని అడిగింది. మా నాన్న గ్యాస్ అన్నాడు. గ్యాస్‌కి బరువేటని ఆవిడ ఊరుకోలేదు. సంత మధ్యలో మూడు రాళ్లు పెట్టి, కుండ ఎక్కించి, బాటిలంతా పోసి కాచింది. చింతపండు అమ్ముకోవడం మానేసి జనం చుట్టూ చేరారు. గంట తర్వాత కుండ అడుగున నల్లటి పాకం మిగిలింది. ఆవిడ దాన్ని ఆకులో గీకి అరచేతిలో పట్టుకుంది.

"నూట అరవై గ్రాములు. సూడండి బాబూ, దాహమేసిందని ఇదా మనం పిల్లల నోట్లో పోత్తన్నాం!"

మా నాన్న ఆ రోజు తల వాచేలా తిట్టాడు. గంగత్త చక్కగా విని, వెళ్తూ వెళ్తూ ఆయన్ని కూడా ఎత్తి దింపింది. "డెబ్బై తొమ్మిది. నువ్వూ తగ్గాల" అంది.

ఇంత జరిగినా నేను తాగడం మానలేదు. మానలేకపోయాననడమే నిజం. నా నాలిక్కి మంచినీళ్లు చేదుగా ఉండేవి.

నేను నాలుగో తరగతిలో ఉండగా సన్యాసిరావు మాస్టారు ఎక్కడినుంచో బరువు చూసే మిషను తెచ్చి, క్లాసంతటినీ నిలబెట్టి, ఒక్కొక్కరి బరువూ గట్టిగా చదివారు. నా పక్కన కూర్చునే నీలవేణి పంతొమ్మిది. నేను, సౌందర్య, నలభై మూడు. వెంటనే లెక్కల్లో ఫస్టు వచ్చే సురేంద్ర లేచి నిలబడ్డాడు.

"సార్, సౌందర్యలో నీలవేణి రెండుసార్లు పోతాది. అయిదు శేషం."

లెక్క తప్పు లేదు గనక మాస్టారు వాణ్ణి మెచ్చుకున్నారు కూడా. మధ్యాహ్నానికి బడంతా నన్ను "శేషం" అని పిలవడం మొదలుపెట్టింది. నేను ఇంటికి పోయి మంచం కింద దూరాను. కడుపునొప్పని ఒకరోజు, తలనొప్పని ఒకరోజు, ఏ నొప్పీ చెప్పకుండా ఒకరోజు. ఇంక బడికి వెళ్లనంటే వెళ్లనన్నాను. మంచం కిందికి అమ్మ క్రీమ్ బిస్కెట్లు అందించేది, ఓదార్పుకి.

శుక్రవారం గంగత్త వచ్చింది. సంగతి విన్నది. మంచం ఒక చేత్తో ఎత్తి ("పద్దెనిమిది" అంది, అలవాటు కొద్దీ), రెండో చేత్తో నన్ను బయటికి లాగి, పైకెత్తింది. చాలాసేపు అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ముప్పై ఎనిమిది" అంది.

"మాస్టారు నలభై మూడన్నారు."

"ఆ మిషను తుప్పట్టిపోనాది. నా సెయ్యేటైనా తుప్పట్టిందేటి?"

మర్నాడు నేను బడికి వెళ్లి ఆ మాటే చెప్పాను. గంగత్త చెప్పిందంటే ఎదురు చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? సురేంద్ర మళ్లీ లెక్క వేసుకుని, "రెండుసార్లు పోతాది, శేషం సున్నా" అన్నాడు. ఆ పేరు అంతటితో పోయింది. మాస్టారు మిషనుని అటక ఎక్కించారు.

"ముప్పై ఎనిమిది నిలబెట్టుకోవాలంటే మరి ఆదివారం మా గూడెం నడిసి రావాల. ఆ బాటిలు ముట్టకూడదు" అంది గంగత్త తర్వాతి సంతలో. మా అమ్మ దారిలో దిష్టి తగులుతుందంది. "దిష్టి కొండెక్కలేదమ్మా, దానికి ఆయాసం" అని గంగత్త నన్ను తీసుకుపోయింది.

మొదటి ఆదివారం ఆ రెండు కిలోమీటర్ల కొండదారిలో పద్నాలుగు చోట్ల కూర్చున్నాను. పైకి చేరాక గంగత్త చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసింది. నేను పంచదార అడిగాను. ఆవిడ ఉల్లిపాయ ఇచ్చింది. ఏడుస్తూ తాగాను. మూడో ఆదివారానికి ఏడుపు మానేసి ఇంకో గిన్నె అడిగాను. గంగత్త ప్రతి సంతలో నన్ను ఎత్తి అందరూ వినేలా చెప్పేది: "ముప్పై ఏడున్నర! ముప్పై ఏడు!" ఆ అరుపు కోసం నేను వారమంతా ఫ్రిజ్జు వైపు చూడకుండా తిరిగేదాన్ని. ఏడాది తిరిగేసరికి ముప్పై రెండుకి దిగాను. కొండ మీదికి మాతో వచ్చే నీలవేణి కంటే ముందు చేరుతున్నాను. మా నాన్న కూడా పొంగిపోయి షాపుకి వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పేవాడు.

ఆ పొంగులోనే ఆయన విశాఖపట్నం నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాడు. ఎర్ర అంకెలు వెలిగే కాటా. సంతరోజున షాపు ముందు పెట్టి, దండేసి, గంగత్తని పిలిచాడు. బియ్యం బస్తా ఎత్తి ఆవిడ "నలబై తొమ్మిదీ రెండొందలు" అంది. కాటా అదే చూపించింది. గుమ్మడికాయ అంతే. మేక అంతే. జనం ఈలలు వేశారు. చింతపండు కొనే షావుకారొకడు మాత్రం మొహం ముడుచుకుని నిలబడ్డాడు.

"రా అమ్మా సౌందర్యా! గంగమ్మా, ఎత్తి చెప్పు" అన్నాడు నాన్న.

గంగత్త రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నానెత్తను."

సంతంతా తెల్లబోయింది. గంగత్త ఒకదాన్ని ఎత్తననడం ఎవరూ ఎరగరు. "సెయ్యి నొప్పి" అంది. నేను ఉషారుగా నేనే కాటా ఎక్కేశాను. ముప్పై రెండు కోసం చూశాను. ఎర్ర అంకెలు నలభై ఒకటి దగ్గర ఆగిపోయాయి.

కాటా తప్పనడానికి లేదు, అది సరైనదని గంగత్తే ఇప్పుడు ముమ్మారు ఒప్పుకుంది. షావుకారు ముందుకొచ్చాడు.

"తొమ్మిది కిలోలు తేడా! ఈ చేతినా ఇన్నాళ్లు మీరు నమ్మింది? వచ్చే సంత నుంచి మా కాటా మాటే మాట."

"అవును బాబూ" అంది గంగత్త తల వంచుకుని. "నా సెయ్యి ముసిలిదైపోనాది. నానే తప్పు సెప్పినాను."

అప్పుడు చింతపండు బుట్ట వెనక నుంచి అసిరమ్మ లేచింది. గంగత్త గూడెం మనిషి, నోరు మంచిది కాదని పేరు.

"సాల్లే ఊరుకోయే! ఈ గుంట అటు తిరగ్గానే ప్రతి సంతకీ మాకు అసలు బరువు సెప్పలేదేటి నువ్వు? నలబై మూడు, నలబై రెండున్నర, నలబై రెండు... ఈయాల పొద్దున్నే నలబై ఒకటి అన్నావు. బాబూ, ఆ గుంటకి తప్ప ఈ సంతలో అందరికీ తెలుసు. మేకలకీ తెలుసు!"

ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ఏడాదిగా కొంగులు నోట్లో కుక్కుకుని ఆపుకున్న నవ్వది. అసిరమ్మ తన మూట తెచ్చి గంగత్త ముందు పడేసింది. ఆవిడ ఎత్తి, "ఇరవై ఆరున్నర" అంది చిన్నగా. కాటా కూడా ఇరవై ఆరున్నర అంది. షావుకారు చేతులు మళ్లీ జేబుల్లోకి వెళ్లాయి.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"అబద్ధం చెప్పావా?"

"సెప్పాను."

"ఎందుకూ?"

"నలబై మూడంటే మంచం కింద దూరినావు. ముప్పై ఎనిమిదంటే కొండెక్కినావు. మరేటి సెప్పమంటావు?"

ఎంతమంది బతిమాలినా ఒక మూటకి పావుకిలో ఎక్కువ చెప్పని మనిషి, నా కోసం ఏడాదిపాటు, సంత నడిమధ్య, తన పేరు పణం పెట్టి అబద్ధమాడింది. పదేళ్ల పిల్లకి కూడా అది ఎంత పెద్ద సంగతో తెలిసింది. కాటా ఎక్కించి కూడా తూచలేనంత పెద్దదని తెలిసి, కాటా దిగి ఆవిడ ముందుకు వెళ్లాను.

"ఇప్పుడు నిజం చెప్పు" అన్నాను చివరికి, చేతులు పైకెత్తి.

గంగత్త మొహం విప్పారింది. నన్ను ఎత్తింది.

"నలబై ఒకటి. ఇందులో రెండు కిలోలు ఈ ఏడాది పెరిగిన పొడుగు. మూడు కిలోలు కొండెక్కిన పిక్కలు. అవి నీ సొంతం, ఎవులన్నా సిగ్గుపడకు."

"మరి మిగతా ఎక్కువంతా?"

"అదా? అది మీ యమ్మ" అంది గంగత్త, మా గుమ్మం వైపు చూస్తూ.

గుమ్మంలో నిలబడి ఉన్న మా అమ్మ జిలేబీ పొట్లాన్ని గబగబా కొంగు కింద దాచుకుంది.