మూడూ ఆరూ కలిస్తే రెండు

నాకు సిగ్గెక్కువ. నలుగురిలో నోరు తెరవాల్సి వస్తే గొంతుకి అడ్డం పడే పనికిమాలిన సిగ్గు. దానివల్ల నేను పోగొట్టుకున్నవాటికి ఏడవను. ఒక పిల్ల పోగొట్టుకున్నది తలుచుకుంటే మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

కళింగపట్నం దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో నేను ఆయాని. పిల్లలకి వండి పెట్టడం, మూతులు కడగడం, పడుకోబెట్టడం నా పని. మా టీచరమ్మ రిటైరవుతోందని, ఆ పోస్టు నాకు రావాలంటే పదో తరగతి పాసవ్వాలని అన్నారు. చిన్నప్పుడు నా చదువు ఎనిమిదితో ఆపేశారు. ఇక లాభం లేదని, నలభై దాటాక ఓపెన్ టెన్త్‌కి కట్టాను. నాతోపాటు ఊళ్లో ఇంకొందరు కట్టారు. ఆదివారాలు బడి వరండాలో మాకు పాఠాలు చెప్పింది, ఒకప్పుడు నా చేతి ముద్ద తిని పెరిగిన పిల్లే. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుతోంది. టీచరవ్వాలని దాని ఆశ. మేమే దాని మొదటి క్లాసు. నన్ను ఇప్పటికీ ఆయమ్మా అనే పిలుస్తుంది.

కరెంటు పాఠంలో శ్రేణి సంధానం నాకు చక్కగా ఎక్కింది. నిరోధాలను వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపితే కూడుకోవడమే. మూడు ఓమ్‌లకి ఆరు ఓమ్‌లు తోడైతే తొమ్మిది. సమాంతర సంధానం దగ్గరే పీటముడి పడింది. ఆ పిల్ల నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, అదే మూడూ ఆరూ పక్కపక్కన గీసి, రెంటినీ గుణించి, రెంటి మొత్తంతో భాగించమంది. పద్దెనిమిదిని తొమ్మిదితో భాగిస్తే రెండు. రాశాను. రాసి ఆ అంకె వంక చూస్తే అనుమానమేసింది. అంగన్‌వాడీలో ఇంకో పిల్లాడు చేరితే పప్పులో ఇంకో గ్లాసు నీళ్లు పడాల్సిందే. ఒకటి చేరితే తగ్గడం నేనెక్కడా చూడలేదు. అదీ, ఉన్నవాటిలో చిన్నదానికన్నా తక్కువా? గబగబా అరచేత్తో రెండు చెరిపేసి తొమ్మిది వేశాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల నవ్వకుండా, మొదట రాసిందే రైటని మళ్లీ మొదటినుంచీ చెప్పింది. తలూపాను గానీ నమ్మలేదు. నేను నమ్మలేదని దానికీ తెలిసింది. మరో ఆదివారం బోర్డు దగ్గరికి రమ్మంటే, కూర్చున్నచోటే పుస్తకంలో తల దూర్చాను.

చివరికి ఆ లెక్క నాకు సముద్రపొడ్డున అర్థమైంది. మాది వేటకెళ్లే ఇల్లు. పడవలు వచ్చాక చేపల గంపలు రోడ్డుకి చేర్చడానికి సరుగుడు తోటలోంచి మంచి దారుంది. మొగలి పొదల్లోంచి ఇంకోటుంది గానీ, అన్నీ ముళ్లు, కాళ్లు దిగబడే ఇసుక. ఎవరూ అటు పోరు. ఆ రోజు చేపలు బాగా పడ్డాయి, తోట దారిలో గంపలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా తోడికోడలు విసుక్కుని మొగలి దారి పట్టింది. ఆమె వెనక ఇంకొందరు వెళ్లారు. వెళ్లింది కొద్దిమందే అయినా ఒడ్డు తొందరగా ఖాళీ అయింది. పక్కన తెరుచుకున్నది ఎంత పాడు దారైనా సరే, మొత్తం మీద అడ్డు తగ్గుతుంది. నెత్తిన గంపతో అక్కడే నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. పరుగున వెళ్లి ఆ పిల్లకి చెప్పాలనిపించింది. కానీ సైన్సు పాఠానికి చేపల గంపల కథ చెబితే వరండాలో మళ్లీ నవ్వుతారని మింగేశాను.

పరీక్ష శ్రీకాకుళంలో. ఆ పిల్ల కూడా మాతో వచ్చి, అయ్యేదాకా గేటు బయటే కూర్చుంది. సైన్సు పేపర్లో ఆ లెక్కే వచ్చింది, మూడూ ఆరూ సమాంతరంగా. రెండు ఓమ్‌లు అని రాసి కింద గీత గీశాను. ఈసారి చెరపలేదు.

తిరిగొస్తుంటే ఆటోలో అందరూ జవాబులు సరిచూసుకోవడం మొదలెట్టారు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, మూడూ ఆరూ తొమ్మిది కాక మరేటవుతాదని గట్టిగా అన్నాడు. మిగతావాళ్లందరూ తొమ్మిదే అన్నారు. అతను నావైపు తిరిగాడు.

"నువ్వేటి రాసినావు వదినా?"

అందరూ నన్నే చూశారు. బోర్డు, అరచేతికంటిన సుద్ద, వెనక నవ్వు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

"నాను కూడా తొమ్మిదే," అన్నాను.

ముందు సీట్లో ఉన్న ఆ పిల్ల వెనక్కి తిరిగి నన్నొకసారి చూసింది. మళ్లీ రోడ్డు వైపు తిరిగిపోయింది. ఆ రోజైనా వాళ్లింటికెళ్లి నిజం చెప్పాల్సింది. అబద్ధమెందుకాడావంటే ఏం చెప్పాలో తెలియక రేపు రేపంటూ దాటేశాను.

ఫలితాలొచ్చిన రోజు, పిల్లలకి అన్నాలు పెట్టే వేళకి ఫోను పట్టుకుని తనే వచ్చింది. పాసయ్యానని చూపించింది. నేను సంబరపడేలోపే, బీఈడీకి వెళ్లడం మానుకున్నానని, పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేరిపోతున్నానని చెప్పింది. ఎందుకే అంటే తల దించుకుంది.

"అందరూ తొమ్మిదే రాసినారు కదా ఆయమ్మా. సెప్పడం నాకు రాదు."

గరిటె కింద పెట్టేశాను. "నాను రెండే రాసినాను తల్లీ. ఆటోలో సిగ్గేసి అబద్ధం ఆడినాను."

అది నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "నన్ను ఊరుకోబెట్టడానికి అలాగనకు ఆయమ్మా."

ఎంత చెప్పినా వినలేదు. మార్కుల మెమోలో ఏ లెక్క ఒప్పో ఉండదు. ఓ పిల్లాడి పలక లాక్కుని లెక్కంతా చేసి చూపించాను. మొగలి పొదల దారి గురించి కూడా చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "ఇప్పుడు వచ్చినాది కదా, సాలు," అంది. చిన్నప్పుడు అది ముద్ద మింగనని ఏడిస్తే నేనూ ఇలాగే, ఇదే గొంతుతో బుజ్జగించేదాన్ని. పలక తుడిచి పిల్లాడికిచ్చేసి, బస్సుకి టైమయిందని వెళ్లిపోయింది.