సాంబ్రాణి పట్టిన కంప్యూటర్

మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. రామచంద్రపురంలోని మా ఇంటి ముందుగదిలో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పాలని ఆ పట్టా చేతికొచ్చిన నాడే నిశ్చయించుకున్నాను. కంపెనీ కంప్యూటర్ జోలికి పోకుండా, కాకినాడ నుంచి విడిభాగాలు తెచ్చుకుని నేనే బిగించాను. ఒక్కొక్క స్క్రూ తిప్పుతున్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ నా వేళ్ళలో ఉన్నట్టే ఉంటుంది.

ఇంటికి కొత్తగా ఏ వస్తువు వచ్చినా శుక్రవారం పూట దానికి సాంబ్రాణి ధూపం వేయడం మా అమ్మ పాటించే ఆచారం. కుట్టుమిషనుకు వేసింది, నాన్నగారి డీజిల్ ఇంజనుకూ వేసింది. కంప్యూటర్‌కు మాత్రం ప్రతి శుక్రవారం, అది నడుస్తుండగానే, మరింత శ్రద్ధగా వేసేది. ఆ పెట్టెకు ముందువైపు రంధ్రాలు, లోపల ఫ్యాను ఉండటంతో పొగ ముందునుంచి లోపలికి పోయి వెనకనుంచి బయటికి వచ్చేది.

"చూడవే, ఎంత బాగా పీల్చుకుంటోందో! ఈ ఇంట్లో సాంబ్రాణి విలువ దీనికొక్కదానికే తెలిసింది" అని మురిసిపోయేది. నేను నవ్వేసి నా పనిలో పడేదాన్ని.

తరగతి మొదలుపెట్టినదీ శుక్రవారమే. తొలి విద్యార్థిని మా పక్కింటి అమ్మాయి. ఆమెను వెంటబెట్టుకుని వాళ్ళ నాన్నగారు కూడా వచ్చారు. ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరైన ఆయనను నేను బాబాయిగారని పిలిచేదాన్ని. ఇంట్లో బిగించిన కంప్యూటర్ మీద ఆయనకు బొత్తిగా నమ్మకం లేదు.

"అమ్మాయ్, ముందు నడిపించి చూపించు. నడిస్తే మా పిల్ల ఇక్కడే నేర్చుకుంటుంది. నడవకపోతే సోమవారం నుంచి కాకినాడ బస్సెక్కించేస్తాను. ఏమీ అనుకోకు."

వీధిలో ఆయన మాటకు విలువ ఎక్కువ. ఆయన తన పిల్లను వెనక్కి తీసుకుపోతే ఇంకెవరూ తమ పిల్లలను పంపరు. ఆ సంగతి నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. అందుకే కాబోలు, ఆ ఉదయం ధూపం మరీ దట్టంగా వేసింది.

స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది గానీ తెర వెలగలేదు. పెట్టెలోంచి ఒక పొడుగాటి కూత వచ్చింది. ఆగి, మళ్ళీ అదే కూత.

"ఏంటమ్మా, రైలేమైనా వస్తోందా?" అన్నారు బాబాయిగారు.

అరుగు మీదున్న నాన్నగారు ఊరుకోలేదు. "అదేంటండీ! మా ఇంజను మాత్రం ఒక్క తిప్పుకే స్టార్టవుద్దా ఏంటండీ?"

"మీ ఇంజను ఇలా కూత పెట్టదు కదండీ."

"పెట్టదండి. హ్యాండిలు ఎదురు తన్నుద్ది."

పక్కింటి అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ కూతకు అర్థం నాకు తెలుసు. కంప్యూటర్‌కు మెమరీ అందడం లేదు. ర్యామ్ అనే సన్నని పలక అంచున బంగారు రంగు గీతలుంటాయి. అవి మదర్‌బోర్డు మీది గాడిలో సరిగా తగలకపోతే తెర వెలగకముందే అంతా ఆగిపోతుంది. కరెంటు తీసేసి, పెట్టె తెరిచి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోయేలా ఇనుప చట్రాన్ని ముట్టుకుని, పలకను ఊడదీసి మళ్ళీ గట్టిగా నొక్కాను. అదే కూత. పక్క గాడిలోకి మార్చాను. అప్పుడూ అదే. బాబాయిగారు లేచి చెప్పులు వెతుక్కోసాగారు.

"కూర్చోండి నాన్నగారూ, కాకినాడ బస్సు ఇప్పుడే పోదు" అంది వాళ్ళమ్మాయి.

పలకను కిటికీ వెలుగులో పట్టి చూశాను. బంగారు గీతలు మసకబారి, వాటి మీద బెల్లం పాకం రంగులో పలుచని జిడ్డు కనిపించింది. వాసన చూశాను. అమ్మను పిలిచి ఆమె ముక్కు దగ్గరా పెట్టాను.

"అబ్బ, అచ్చం పూజగది వాసనే!" అంది సంతోషంగా. మరుక్షణం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనేనటే? మంచి జరగాలనే కదే వేశాను!"

"జరిగిందమ్మా, కాస్త ఎక్కువ జరిగింది."

కొత్త నోటుపుస్తకంతోపాటు తెచ్చుకున్న కొత్త రబ్బరును పక్కింటి అమ్మాయి నాకిచ్చింది. దానితో గీతలను సుతారంగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచాను. నాన్నగారు సైకిలు పంపు తెచ్చి గాడిలోకి మెల్లగా గాలి కొట్టారు. పలకను మళ్ళీ బిగించి స్విచ్ వేశాను.

ఒకే ఒక్క పొట్టి కూత. నల్లని తెర మీద తెల్లని అంకెలు గబగబా పెరుగుతూ పోయాయి.

"ఏంటే అది, లెక్కలు కడుతోందా?" అన్నారు నాన్నగారు.

"తనకెంత మెమరీ ఉందో చూసుకుంటోంది నాన్నగారూ."

కుర్చీ ముందుకు జరిపాను. అందులో మా విద్యార్థిని కూర్చునేలోపే బాబాయిగారు కూర్చున్నారు. "ఉండమ్మా, పిల్లకు పనికొస్తుందో లేదో చూడాలిగా" అంటూ కీబోర్డు మీద టకటకా కొట్టసాగారు. వరుస చివరికి రాగానే ఆయన ఎడమచేయి గాల్లోకి లేచి, లేని టైపుమిషను బండిని పక్కకు తోసింది. మేమంతా ఘొల్లున నవ్వాం. ఒక అక్షరం తప్పుపడింది. చెరిపే మీట చూపించాను. నొక్కారు.

"తప్పేదమ్మా? మచ్చ కూడా మిగల్లేదే!" ఉద్యోగకాలమంతా తప్పుల మీద తెల్లసిరా పూసిన ఆ మనిషి కావాలని మరో తప్పు కొట్టారు. చెరిపారు. మళ్ళీ కొట్టారు.

"నాన్నగారూ, లేవండి, క్లాసు నాది."

"ఉండవే, ఎలాగూ సోమవారం కూడా ఇక్కడికే కదా వచ్చేది!"

నా తొలి తరగతిలో తొలి విద్యార్థిని చాలాసేపు నిలబడే పాఠం వింది.