గాలీచా, గలీజు

భాల్కి నుంచి బీదర్ వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఒళ్లో చుట్టిన గాలీచా ఒకటి ఉంది. పాత ఇరానీ తివాచీలంటే నాకు పిచ్చి. అడిగి అంచు విప్పి చూశాను. చిరిగినచోట చేసిన రఫూ కంటికి ఆనలేదు.

"ఎవరు చేసిండ్రక్కా?"

"నేనే అన్నా. బీదర్ల సేటు పంపిస్తడు, బాగుచేసి ఇస్త."

దుకాణం పేరు చెప్పింది. నాకు తెలిసిందే.

"మా అయ్య మంచాన పడ్డప్పుడు మా ఇంట్లున్న గాలీచా ఆయనకే అమ్మనీకి తీస్కపోయిన. కాలుతోని తన్నిండు. 'ఇది గాలీచా కాదు, గలీజు. ఈడ్నే వదిలిపెట్టు, పారేస్త' అన్నడు. వదిలిపెట్టి వచ్చిన. నెల తిరగకముందే వాని దుకాణంల గోడకు వేలాడుతున్నది."

"మరి వానికే పని చేస్తున్నవా?"

ఆమె నవ్వి, రఫూలోని ఎర్ర దారాన్ని బొటనవేలితో నిమిరింది.

"ఇది కచ్చా రంగు అన్నా. నీళ్లు తగిలేదాంక గాలీచానే. తగిలినంక అంతా గలీజు. కొన్నోళ్లు వాని గల్లా పట్టుకుంటరు."

నౌబాద్‌లో దిగిపోయింది.

మా హాల్లోని తివాచీ ఆ సేటు దగ్గర కొన్నదే. ఆ రోజు నుంచి దాని మీద ఎవరినీ నీళ్లగ్లాసుతో కూర్చోనివ్వను. సేటుకు మాత్రం ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు.