గేటు పడని వేళ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని ఎందుకు అనలేదో నాకు తెలియదు. అమ్ముకున్నవాళ్లకు చెప్పుకునే ఓపిక మిగిలి ఉండదు కాబోలు. మేము ఇల్లూ కట్టాం, పెళ్లీ చేశాం. ఇల్లు పెద్దపల్లిలో కట్టాం, బిడ్డను ఆదిలాబాద్ ఇచ్చాం. ఆ రెండూ కలిసినా నన్ను ఈ అమ్మకమంత సతాయించలేదు.

మా ఇల్లు రైల్వే గేటుకు అవతల ఉంటుంది. బస్టాండు, బజారు, ఆఫీసులు, దవాఖానలు అన్నీ గేటుకు ఒక పక్క. మేమూ, వరి పొలాలూ, కొత్తగా లేచిన నాలుగు వాడలూ ఇంకో పక్క. కట్టుకున్నప్పుడు చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. గాలి వెలుతురు బాగుంది, బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి అన్నారు. గేటు అప్పట్లో ఒక లెక్కే కాదు. అది పడితే పడింది, నిలబడి నలుగురితో ముచ్చట పెట్టి వచ్చేవాళ్లం. మా వాడలో సగం సంబంధాలు ఆ గేటు దగ్గరే కుదిరాయని నేను నవ్వులాటకు అంటుండేదాన్ని. తర్వాత పట్టాలు పెరిగాయి, బండ్లు పెరిగాయి. వంతెన వస్తుందని అందరూ చెబుతూనే ఉన్నారు. నేను మాత్రం ఆ మాట వినడం మానేశాను.

మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాకే ఆ గేటు నాకు శత్రువైంది. వారానికి మూడుసార్లు కరీంనగర్ వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. మెషిన్లు మా ఊళ్లోనూ ఉన్నాయి కానీ, ఆయనకు గుండె కూడా బలహీనంగా ఉందని, పెద్ద డాక్టర్ దగ్గరుండే చోటనే చేయించుకోమన్నారు. సరే అనుకున్నాం. బస్సుకు పోవడం, బస్సుకు రావడం అలవాటు చేసుకున్నాం.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఊపిరి అందక గుంజుకున్నాడు. పక్కింటివాళ్ల ఆటోలో ఎక్కించుకుని బయలుదేరితే గేటు పడి ఉంది. బొగ్గుబండి వచ్చి, సిగ్నల్ దొరకలేదేమో, సరిగ్గా మా ముందు అడ్డంగా నిలబడిపోయింది. ముందూ వెనకా చివర కనబడని బండి. ఆటో అతను ఇంజన్ ఆపేశాడు. ఆ చప్పుడు ఆగడంతోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను దిగి గేట్‌మన్ గది ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను రెండు చేతులూ జోడించి, "నా చేతుల ఏమున్నదమ్మా, ఫోన్ వస్తె ఏస్త, ఫోన్ వస్తె తీస్త" అన్నాడు. అతని చేతుల్లో లేదు, ఆటో అతని చేతుల్లో లేదు, నా చేతుల్లో అసలే లేదు. వెనక్కి వచ్చి కూర్చుంటే, ఊపిరికి కొట్టుకుంటున్న మనిషి నా వీపు నిమిరాడు.

ఆ రోజు గండం గడిచింది. దవాఖాన నుంచి వచ్చాక ఆయనే అన్నాడు, "ఇగ ఈడ వద్దే. అమ్మేద్దాం. కరీంనగర్ల దవాఖాన దగ్గర రెండర్రలు చూసుకుందాం."

ఇల్లు అమ్మితేనే అక్కడ నీడ. ఇక్కడ తాళం వేసి అక్కడ కిరాయి కట్టేంత స్తోమత మాకు లేదు.

బ్రోకర్ మా పాత బజారు మనిషి. చిన్నప్పటి నుంచి మా ఆయన్ని అన్నా అని, నన్ను అక్కా అని పిలుస్తాడు. నేను భాయ్ అంటాను. వరండాలో కూర్చుని చాయ తాగి, ఇల్లంతా ఒకసారి చూసి, తేల్చేశాడు. "అక్కా, గీ ఇల్లు కొనేటోళ్లు మన ఊరోళ్లు కాదు. మనోళ్లకు గేటు సంగతి ఎరుకే. కరీంనగర్ నుంచి దినాం అప్‌డౌన్ కొట్టే ఉద్యోగస్తులున్నరు సూడు, బస్సుల పడి నడుములు ఇరుగుతున్నయి వాళ్లకు. వాళ్లే కొనాలె."

బాగానే ఉంది. కానీ ఆ అప్‌డౌన్ వాళ్లు ఎప్పుడు చిక్కుతారు? పొద్దున దిగగానే ఆఫీసుకు పరుగు. సాయంత్రం ఆఫీసు వదలగానే బస్సులో సీటు మీదే ప్రాణం. పోనీ ఆదివారం రమ్మంటే ఒకాయన నాతోనే ఫోన్‌లో అన్నాడు, "సెలవునాడు సుత గా బస్సు మొకం చూడాల్నా అమ్మా?" అందులో తప్పేముంది? నాకూ ఆ బస్సు మొహం చూస్తే అట్లాగే ఉంటుంది. ఇక మంగళవారం ఎవరూ ఇల్లు చూడరు. శనివారం కొందరికి పట్టింపు. అమావాస్య ముందూ వెనకా వద్దంటారు. మిగిలిన రోజుల్లో సాయంత్రం ఆఫీసు వదిలాక, తర్వాతి బస్సు లోపల, అదీ గేటు పడని వేళ చూసి రప్పించాలి.

మొదట ఒక లెక్చరర్ మధ్యాహ్నం అన్నం గంటలో వస్తానన్నాడు. నేను ఇల్లు కడిగి, ముగ్గేసి, గేటు దాకా ఎదురెళ్లాను. ఆయన అవతల స్కూటర్ మీద ఉన్నాడు, నేను ఇవతల. మధ్యలో గేటు. ఒకదాని వెనక ఒకటి రెండు బండ్లు పోయాయి. గేటు లేచేసరికి ఆయన చేయి ఊపుతూ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇల్లు సరే, నా మొహం కూడా సరిగ్గా చూడలేదు పాపం.

ఆ తర్వాత బండ్ల వేళలు నేర్చుకున్నాను. బిడ్డ ఫోన్‌లో చూసి చెప్పేది, ఫలానా బండి పోయినంక ఫలానా బండి దాకా ఖాళీ అవ్వా అని. నేనూ చెవి పెట్టి కూతలు పోల్చుకునేదాన్ని. కానీ బొగ్గుబండి ఏ ఫోన్‌లోనూ ఉండదు. దానికి వేళాపాళా లేదు, దాని బుద్ధికి తోచినప్పుడు వస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నా పాలిట ఆ పూజారి అదే.

ఇంతకంటే చెప్పుకోలేని సంగతి ఇంకొకటి ఉంది. మా దిక్కు ఇల్లు కొనేవాళ్లు గోడలు, బోరు, కాగితాలు చూసిన తర్వాత చివరికి ఒక మాట అడుగుతారు. అచ్చొచ్చిందా అని. ఆ ఇంట్లో ఉన్నవాళ్లు చల్లగా ఉంటే ఇల్లు మంచిది. మంచాన పడ్డ మనిషి ఉన్నాడా, ఈశాన్యంలో ఏదో ఉందంటారు, ఎంత బంగారంలాంటి ఇల్లైనా ముట్టరు. ఒకసారి ఒక జంట వచ్చి, గదిలో పడుకున్న మా ఆయన్ని చూసి, ఆయన చేతికున్న డయాలసిస్ పట్టీ చూసి, ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా లేచారు. బ్రోకర్ భాయ్ తల వంచుకుని అన్నాడు, "అక్కా, నారాజ్ కాకు. అన్న ఇంట్ల లేనప్పుడు చూపిద్దాం."

నాకు ఒళ్లు మండింది. ఈ ఇంటికి రాయీ రాయీ మోసిన మనిషిని ఇంట్లో కనబడొద్దనడానికి నీకు నోరెట్లా వచ్చింది అని లేవబోయాను. మా ఆయనే ఆపాడు. "భాయ్ చెప్పింది కరెక్టే. దవాఖాన దినమే రమ్మను. నేను ఆలస్యంగ వస్త. బస్టాండ్ల కూసుంట, నాకేం బాధ?" అన్నాడు. ఆ "నాకేం బాధ" ఇప్పటికీ నా చెవిలో ఉంది. కాదనడానికి నా దగ్గర ఇంకో దారి లేదు. అదే నాకు ఏడుపు.

అట్లా బుధవారం ఖాయమైంది. ఈసారి వచ్చేది మొగుడూ పెళ్లాం ఇద్దరూ. అతను ఇక్కడ ఆఫీసులో గుమాస్తా, ఆమె పక్క ఊరి బడిలో టీచరు. ఇద్దరూ కరీంనగర్ నుంచే రోజూ వచ్చిపోతారు. మా ఆయన తనతో పాటే డయాలసిస్‌కు పోయే మా ఊరి మనిషి తోడుతో పొద్దున్నే వెళ్లాడు. ఇల్లు చూసేవాళ్లు పోయాక ఫోన్ చేస్తాననీ, అంతదాకా మన ఊరి బస్టాండులోనే కూర్చోమనీ ఆయనకు చెప్పాను.

అంతా కుదిరింది. సాయంత్రం బండి పోయింది, గేటు లేచింది, వాళ్లు ఆటోలో నేరుగా వాకిట్లో దిగారు. నా అదృష్టాన్ని నేనే నమ్మలేకపోయాను. ఆమె వంటింట్లో నిలబడి మిక్సీ ఎక్కడ పెట్టాలో, పప్పుల డబ్బాలు ఎక్కడ సర్దాలో చూసుకుంది. అతను వరండాలో కూర్చుని చెప్పులు విడిచి కాళ్లు చాపాడు. "ఆఫీసు వదిలితె ఐదు నిమిషాల్ల ఇంట్లుండొచ్చే" అని ఆమెతో అన్నాడు. రోజూ బస్సులో నిలబడి పోయే మనిషి మాట అది. ఆ క్షణంలో నాకు వాళ్ల మీద ప్రేమ పుట్టింది.

ఆమె చివరికి అడగనే అడిగింది. "అమ్మా, ఏమనుకోకుండ్రి. ఇల్లు మీకు అచ్చొచ్చిందా?"

"ఈ ఇంట్లనే బిడ్డను పెంచి పెళ్లి చేసినం. ఏనాడు పస్తులేదు" అన్నాను. అందులో అబద్ధం లేదు. మా ఆయన కూడా ఈ ఇంట్లో సుఖంగానే బతికాడు. రోగం ఇల్లు ఇచ్చింది కాదు.

"సారు లేరా?"

"కరీంనగర్ పోయిండు, పని మీద."

వాళ్లు లేచారు. నేను గేటు దాకా సాగనంపుతూ నడిచాను. ఇంకో పది అడుగులు ఉందనగా గంట మోగింది, గేటు దిగింది. బొగ్గుబండి. అతను గడియారం చూసుకున్నాడు, ఆమె అతన్ని చూసింది. బస్సు పోతుందని ఇద్దరికీ అర్థమైంది. నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, వంతెన వస్తుందని, కొలతలు కూడా అయ్యాయని. వినడం మానేసిన మాటను నేనే చెబుతున్నాను.

బండి మెల్లగా పాకుతోంది. డబ్బాకూ డబ్బాకూ మధ్య సందులోంచి అవతలి పక్క ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. ఆ సందుల్లో నేల మీద కూర్చున్న మనిషి కనబడ్డాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఎడమ చేతికి తెల్లటి పట్టీ. చొక్కా నేను ఇస్త్రీ చేసిందే.

తోడు వచ్చినతను తన ఇంటికి పోయాక బస్టాండులో ఒక్కడే కూర్చోలేకపోయాడట. కళ్లు తిరుగుతుంటే ఎట్లాగైనా ఇంటికి చేరదామని ఆటో ఎక్కితే, గేటు పడిందని ఆటో అతను అక్కడే దించి పోయాడట. ఇదంతా ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, మధ్యలో బండి ఉంది, నేను ఇవతల ఉన్నాను.

"అయ్యో, గా పెద్దమనిషిని చూడుండ్రి" అంది ఆమె తన మొగుడితో. మా ఆయనకు అరవై కూడా రాలేదు. రోగం ఆయన్ని పెద్దమనిషిని చేసింది.

బండి పోయింది, గేటు లేచింది. ఆయన లేచి నిలబడి, తూలుతూ పట్టాలు దాటుతున్నాడు. సగంలో తలెత్తి నన్ను చూశాడు, నా పక్కనున్న వాళ్లను చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు. ఎరగని మనిషి లెక్క నా పక్క నుంచి పోబోయాడు. పేరు పెట్టి పిలిచే అలవాటు ఎట్లాగూ లేదు, ఇంకేమని పిలవాలో తోచలేదు. ఆయన కాలు తడబడితే, ఇల్లు చూడవచ్చిన ఆ అబ్బాయే ఉరికి రెక్క పట్టుకున్నాడు. "ఎంత దూరం పోవాలె బాపు? దించాల్నా?" అని అడిగాడు.

"లే బిడ్డా, ఈడనే. జర కూసుని పోత. మీ బస్సు పోతది, మీరు పోండ్రి" అన్నాడు మా ఆయన, గేటు పక్కనున్న సిమెంటు దిమ్మె మీద కూలబడి. నావైపు చూడలేదు.

వాళ్లు రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లి, గేటు అవతల ఆటో ఎక్కారు. ఆటో కనుమరుగయ్యాక నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను. చెయ్యి మంచులా ఉంది. తిడదామని నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఆయన మాత్రం నెమ్మదిగా, "నచ్చిందా వాళ్లకు?" అన్నాడు.

"నచ్చింది" అన్నాను.

మర్నాడు ఆయన వరండాలో ఎండకు కూర్చుని ఉండగా ఆమె ఫోన్ చేసింది. "అమ్మా, ఇల్లు మస్తు నచ్చింది. నిన్న రాత్రంత గదే ముచ్చట. కని మా అత్తమ్మకు సుత గుండె జబ్బున్నది. నిన్న గేటు కాడ గా పెద్దమనిషి బండి పోయేదాక కింద కూసునుడు మేం చూసినం గద. మా ఆయనకు గదే కండ్లల్ల మెదులుతున్నదట. రేపు మా అత్తమ్మకు గట్లయితే ఏం చేస్తం? ఏమనుకోకుండ్రి."

ఏమనుకోను? మేము ఎందుకు అమ్ముతున్నామో అదే కారణంతో వాళ్లు వద్దన్నారు. సరేనమ్మా అన్నాను. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.

"మల్ల గా పెద్దమనిషి మంచిగ ఇల్లు చేరిండా అమ్మా? మీ దిక్కే గద, ఎరుకైతదేమోనని."

"చేరిండు బిడ్డా" అన్నాను.

ఫోన్ పక్కన పెట్టాను. మా ఆయన కుర్చీలోంచే మెడ తిప్పి, "ఎవలు? నిన్న వచ్చినోళ్లేనా? ఏమన్నరు?" అన్నాడు.

"నువ్వు మంచిగున్నవా అని అడిగిండ్రు" అన్నాను.