శిరీష నోటికి నేర్చుకున్న కథ

ఈ రోజు బడి వదిలాక మా ఎనిమిదో తరగతి పిల్లలను మళ్లీ కామారెడ్డి గ్రంథాలయానికి తీసుకెళ్లాను. శిరీష గంటసేపు ఒకే కథను పెదవులు కదుపుతూ తిప్పి తిప్పి చదువుతోంది. నాకు చిరాకేసింది.

"ఇన్ని పుస్తకాలుంటే ఆ ఒక్కటే పట్టుకున్నవేంది?" అన్నాను.

"మాకు కార్డు లేదని ఇంటికి ఇయ్యరు గద సార్. మా అమ్మ బీడీలు చేసుకుంట కథ వింటది. అందుకే నోటికి నేర్చుకుంటున్న," అంది తల ఎత్తకుండానే.

కార్డు కావాలంటే ఫారం మీద ఎవరైనా ఉద్యోగి హామీ సంతకం పెట్టాలి. పుస్తకం పోతే ఆయనే జవాబు చెప్పుకోవాలి. పిల్లల ఫారాలు పది రోజులుగా నా బ్యాగులోనే తిరుగుతున్నాయి. సంతకం కోసం ఇద్దరు ముగ్గురిని అడిగాను కూడా. నేనూ ఉద్యోగినేనన్న సంగతి గుర్తుకు రాలేదు. వచ్చినా పక్కకు నెట్టేశాను.

ఇంటికి రాగానే అన్నింటి మీదా సంతకం పెట్టాను. అయినా కుదురుగా కూర్చోలేకపోతున్నాను, గ్రంథాలయం రేపటి దాకా తెరవరు. మీరైతే మొదటి రోజే పెట్టేవారా? నిజం చెప్పండి.

ఈ పది రోజుల్లో ఆ పిల్ల ఎన్ని కథలు తలలో పెట్టుకుని మోసుకెళ్లిందో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.